కొనేముందు తోలి చూసిన గ్రహం

మూడేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో జగ్గయ్యపేటలోని మా ఇంట్లో పగటిపూట ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ మా మామయ్యగారూ. మా ఆడపడుచుకు పురుడొచ్చే నెల అని అత్తయ్యగారు కోదాడ వెళ్ళారు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. నానమ్మతోపాటు తనూ వెళ్తానని సంచి సర్దుకుని బస్సెక్కేసింది. మా ఆయన ఊరి బయట ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఏడాదికోసారి యంత్రాలన్నీ ఆపి రిపేర్లు చేస్తారు. ఆ పని సరిగ్గా అప్పుడే పడింది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తే మళ్ళీ రాత్రి భోజనానికే కనిపించేవారు.

నేను పేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మామయ్యగారు సర్కారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. కోపాలేం లేవు. టీ పెట్టమంటారా అని నేను అడిగేదాన్ని, పెట్టమ్మా అని ఆయన అనేవారు. కరెంటు ఎప్పుడు పోయిందో, నీళ్ళు ఎప్పుడు వచ్చాయో చెప్పుకునేవాళ్ళం. ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకని నేనూ కొత్తగా ప్రయత్నించలేదు.

ఆ వేసవిలో నా మనసంతా ఒక వీడియో గేమ్ మీద ఉంది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేం లేదు కానీ అప్పుడు చాలా ఉండేది. డిగ్రీ నందిగామలో చదువుకున్నాను. కాలేజీ అయ్యాక మా ఊరి బస్సుకు గంటన్నర టైముండేది. బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో ముగ్గురు స్నేహితురాళ్ళం ఒక కంప్యూటర్ ముందు కూర్చుని గేములు ఆడేవాళ్ళం. నా చేతివేగం చూసి సెంటర్ నడిపే ఆయన టైము అయిపోయినా లేపేవాడు కాదు. పెళ్ళయ్యాక ఆ అలవాటు పోయింది. ఎవరూ మానమనలేదు. రోజులో దానికి చోటు లేకపోయింది, అంతే.

ఒకరోజు ఫోన్లో ఏదో చూస్తుంటే ఈ గేమ్ ప్రకటన వచ్చింది. ఎర్రదుమ్ము లేచే గ్రహం, దాని మీద ఆరు చక్రాల బండి, ఆకాశంలో రెండు చందమామలు. ఇందులో మనకి ముందే ఒక హీరో ఉండడు. ముఖం, పేరు, గతం, తెలిసిన విద్య, అన్నీ మనమే ఎంచి ఒక మనిషిని తయారుచేసుకోవాలి. ఆ మనిషి అయి ఊళ్ళు తిరగాలి, అవసరమైతే పోరాడాలి, ఎదురైనవాళ్ళతో మాట్లాడాలి. మనం చెప్పే జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది. డిగ్రీ రోజుల్లో మేం ఆడినవాటిలో కాల్చడమే తప్ప మాట్లాడటం లేదు. నాకు ఆ మాట్లాడే గేమే కావాలనిపించింది.

ధర ఒక మంచి మిక్సీ అంత. ఇంటర్ సప్లిమెంటరీ రాసే ఇద్దరు అమ్మాయిలకు ట్యూషన్ చెప్పగా వచ్చినవి నా దగ్గర ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు. కానీ మా ఇంట్లో మిక్సీ జారు అడుగున కారుతోంది. పచ్చడి తిప్పిన ప్రతిసారీ గట్టు తుడుచుకుంటూ, ముప్పై ఎనిమిదేళ్ళ ఆడదానికి అంతరిక్షం కావాల్సివచ్చిందా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

లెక్కల టీచర్ని కాబట్టి ఆ పద్ధతిలోనే తేల్చుకుందామనుకున్నాను. పాత అటెండెన్స్ రిజిస్టరు వెనక పేజీలో రెండు గళ్ళు గీసి ఒకదానిపైన ‘కొనాలి’ అనీ, రెండోదానిపైన ‘వద్దు’ అనీ రాశాను. వంట చేసుకుంటూ గేమ్ గురించి చెప్పే వీడియోలు పెట్టుకునేదాన్ని. పదేళ్ళలో ఇలాంటి కథ రాలేదని ఒకడు అనేవాడు. ఖాళీ గ్రహాల మీద నడిచీ నడిచీ కాళ్ళు పీకాయని ఇంకొకడు. మనుషుల ముఖాలు అద్భుతం అని ఒకడు, ఆ ముఖాలే చెక్కబొమ్మల్లా ఉన్నాయని మరొకడు. చెయ్యి తుడుచుకుని ఒక్కో మాటా గడిలో ఎక్కించేదాన్ని. వారం తిరిగేసరికి రెండు గళ్ళూ సమానంగా పేజీ కిందికి దిగాయి. నేను మాత్రం మొదలుపెట్టిన చోటే ఉన్నాను.

మామయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటారు. ఆ వీడియోల్లో వాళ్ళందరూ గట్టిగా అరుస్తూ చెబుతారు. మూడో రోజు ఆయన కిటికీలోంచి, “ఏందమ్మా, ఎవరా అబ్బాయి? అంతలా అరుస్తున్నాడు?” అని అడిగారు. నా నోటికి ఏది ముందొస్తే అది అనేశాను, మిక్సీల గురించి చెబుతున్నాడని. ఓహో అని పేపరు తిప్పుకున్నారు.

రెండు రోజుల తర్వాత మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చారు. గట్టు మీద ఫోన్లో అప్పుడే ఇనప కవచం తొడుక్కున్న ఒకావిడ రెండు చేతులా తుపాకులు పట్టుకుని కాలుస్తోంది. ఆయన నీళ్ళు మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నెమ్మదిగా అన్నారు.

“మిక్సీ బాగానే ఉంది గానీ, దాంతోపాటు తుపాకీ కూడా ఇస్తున్నారా?”

నాకు నవ్వాగలేదు. ఆయన పెదవి చివర కూడా ఏదో కదిలింది. ఇక దాచడం అనవసరమని మొత్తం చెప్పేశాను. గేమ్ ఏమిటో, అందులో ఏం చెయ్యాలో, నాకెందుకు కావాలనిపిస్తోందో, ఎందుకు వెనకాడుతున్నానో. రిజిస్టరు కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, రెండు గళ్ళూ పైనుంచి కిందిదాకా చదివారు. నా విద్యార్థుల పేపర్లు కూడా నేనంత శ్రద్ధగా చూసి ఉండను.

“ఇందులో నువ్వు రాసింది ఏదమ్మా? అన్నీ వాళ్ళు చెప్పినవేగా” అన్నారు.

నేను ఆడలేదు కదండీ, నాకెలా తెలుస్తుంది అన్నాను.

“డిపోకి కొత్త బండి వచ్చేది. కాయితం మీద అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని రాసేవాళ్ళు. నేను గేటు దాటి ఒక చుట్టు తిప్పుకొచ్చేదాకా సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఎక్కడన్నా తోలి చూడు ముందు.”

అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. ఆ సాయంత్రమే ఆయన మిక్సీ జారు విప్పి, బజారుకెళ్ళి కొత్త వాషరు తెచ్చి బిగించారు. కారడం ఆగిపోయింది. నా అభ్యంతరాల్లో ఒకటి అలా తగ్గింది.

తోలి చూడ్డానికి చోటు కోసం డిగ్రీ స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె నందిగామలోనే ఉంటుంది. బస్టాండు ఎదురు సందులో సెల్‌ఫోన్ల షాపు పైన గేమింగ్ సెంటర్ ఉందనీ, గంటకింత అని తీసుకుని ఆడనిస్తారనీ చెప్పి నంబరు ఇచ్చింది. మగగొంతు వస్తుందనుకుంటూ చేస్తే ఒక అమ్మాయి తీసింది. ఆ గేమ్ తమ దగ్గర ఉందనీ, సెలవులు కాబట్టి సాయంత్రాలు పిల్లలతో నిండిపోతుందనీ, బుధవారం పదకొండింటికి వస్తే ప్రశాంతంగా ఉంటుందనీ చెప్పింది.

బుధవారం పొద్దున నేను తయారై బయటకొచ్చేసరికి మామయ్యగారు తెల్లచొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నారు.

“నేనూ వస్తా.”

ఈ ఎండలో మీకెందుకండీ అన్నాను. ఇంట్లో ఉన్నా ఎండే కదా అన్నారు.

బస్సులో ఆయన ఎప్పుడూ డ్రైవరు వెనక సీటే చూసుకుంటారు. ఆ రోజు పక్కన కూర్చున్నాను కాబట్టి ఒకటి గమనించాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కినప్పటి నుంచీ ఆయన కుడికాలు ఖాళీగా లేదు. ముందు మిరప బస్తాల లారీ నెమ్మదిస్తే ఈయన పాదం నేలను నొక్కేది. దారి ఖాళీ అయితే మెల్లగా లేచేది. డ్రైవరు ఒకచోట ఆలస్యంగా బ్రేకు వేస్తే ఈయన కాలు అప్పటికే కింద ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు కూర్చున్నాను.

సెంటర్ నడిపే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. తలకు లేత ఆకుపచ్చ స్కార్ఫ్ కట్టుకుంది. కింద ఫోన్ల షాపు వాళ్ళ అన్నయ్యదట. తను బీటెక్ చదివి విజయవాడలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, బస్సు ప్రయాణాలు పడలేక పైగది తీసుకుని ఇది పెట్టిందట. ఏసీ చల్లగా ఉంది. ఆరు కంప్యూటర్లు, గోడలకు రెండు పెద్ద టీవీలు. మామయ్యగారిని చూసి, “నమస్తే అంకుల్, ఈ కుర్చీలో కూర్చోండి, దీనికి చేతులున్నాయి” అని మంచి కుర్చీ లాగి వేసింది. ఆయన పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చిన పెద్దాయన కాదని తెలిసినా ఏమీ ఆశ్చర్యపోలేదు.

టీవీ ముందు కూర్చున్నాను. చేతికి గేమ్‌ప్యాడ్ ఇచ్చింది. రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్ళతో ఆడించే రిమోటు లాంటిది అది. ముందు మనిషిని తయారుచెయ్యాలి. నేను ఒక ఆడమనిషిని ఎంచుకుని, చామనచాయ పెట్టి, జడ వేసి, ముక్కు సరిచేస్తూ కూర్చున్నాను. ముక్కుకే పదహారు రకాల మార్పులున్నాయి. ఇరవై నిమిషాలు గడిచాయి. వెనకనుంచి మామయ్యగారు, “ముక్కు చాల్లే అమ్మా, ఇక బయల్దేరు” అన్నారు. గతం ఎంచుకోమంటే సైనికురాలు, దొంగ, వైద్యురాలు, ఉపాధ్యాయురాలు అని నాలుగు చూపించింది. ఉపాధ్యాయురాలు అన్నది చూసి నేనెంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ సంతోషం పది నిమిషాలే. అంతరిక్ష ఓడ కూలిపోయి ఎర్రగ్రహం మీద పడ్డాక మొదటి పోరాటం వచ్చింది. ముగ్గురు దోపిడీగాళ్ళు. నా వేళ్ళకు ఏ మీట ఎక్కడుందో తెలియలేదు. దాక్కోవాల్సినప్పుడు గెంతాను, గెంతాల్సినప్పుడు నా కాళ్ళ దగ్గరే బాంబు వేసుకున్నాను. ఐదుసార్లు చచ్చిపోయాను. ఒకప్పుడు సెంటర్ ఆయన చేత శెభాష్ అనిపించుకున్న చేతులు ఇవేనా అనిపించింది. ఆరోసారి కూడా పడిపోయాక గేమ్‌ప్యాడ్ ఒళ్ళో పెట్టుకుని, ఇది నాకు కాదండీ, వెళ్దాం పదండి అన్నాను. నిజంగానే దిగులేసింది. గేమ్ కోసం కాదు. నాలో ఉందనుకున్నదొకటి ఇప్పుడు లేదని తెలిసినందుకు.

ఆ అమ్మాయి వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. “అందరికీ మొదట్లో ఇంతే అక్కా. పోరాటం సులువుగా ఉండేట్టు మార్చుకోవచ్చు, అదేం తప్పు కాదు. ఈ గేముకు వచ్చేది కథ కోసం” అని సెట్టింగు మార్చింది. ఏడోసారి దాటాను. దాటగానే తెర మీద ఆరు చక్రాల బండి వచ్చింది. దాన్ని తోలుకుని కొండల అవతల ఉన్న శిబిరానికి వెళ్ళాలి. నేను ఎక్కీ ఎక్కగానే బండను గుద్దాను. వెనక్కి తీస్తూ గోతిలో దింపాను.

వెనక కుర్చీ కిర్రుమంది. చూస్తే మామయ్యగారు ముందుకు వంగి, నేల మీద కుడికాలు నొక్కిపెట్టి ఉన్నారు.

“మీరు తోలండి” అన్నాను.

నాకేం వచ్చు ఇవన్నీ అని చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఇది ఎక్సలేటరు, ఇది బ్రేకు, ఈ బొటనవేలు కింద ఉన్నది స్టీరింగు అని మూడే ముక్కల్లో చెప్పి, గేమ్‌ప్యాడ్ ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన రెండు నిమిషాలు బండిని కదల్చకుండా వట్టి స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. హారన్ ఏదమ్మా అని అడిగారు. లేదు అంకుల్ అంది. హారన్ లేని బండిని రోడ్డు మీదికి ఎలా వదిలారని ఆయన నిజంగానే బాధపడ్డారు. అక్కడ రోడ్డే లేదని నేను చెప్పలేదు.

తర్వాత బయల్దేరారు. ఒకే వేగం. మలుపుకు ముందే తగ్గింపు, మలుపు తిరిగాక మెల్లగా పెంపు. ఆరుకాళ్ళ మేకల్లాంటి జంతువుల మంద దారికి అడ్డం వస్తే బండి ఆపి, ఆఖరిది దాటేదాకా ఆగారు. వాటిని గుద్దుకుంటూ పోయినా ఏమీ కాదని ఆ అమ్మాయి చెబితే, “ఎందుకమ్మా, వెళ్తున్నాయిగా” అన్నారు. దోపిడీగాళ్ళు వెంటపడితే కాల్చలేదు, వాళ్ళకు దారిచ్చినట్టే ఇచ్చి పక్కలోయలోకి దిగి తప్పించుకున్నారు. చివర్లో రాళ్ళమిట్ట వచ్చింది. ఏటవాలు, కింద లోయ. ఆ అమ్మాయి తన పని వదిలేసి వచ్చి నిలబడింది. ఇక్కడ మొదటిసారే బోల్తా పడకుండా దాటినవాళ్ళను ఈ గదిలో ఇంతవరకూ చూడలేదట. మామయ్యగారు పూర్తిగా ఆగి, మిట్టను ఒకసారి పైనుంచి కిందికి చూసి, బొటనవేలు ఆనీ ఆననట్టు పెట్టి ఎక్కించారు. ఒక చక్రం గాల్లోకి లేచింది. నేనూ ముందుకు వంగాను. చక్రం దిగింది. బండి అవతలికి వెళ్ళింది.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన గేమ్‌ప్యాడ్ నాకిచ్చి, చొక్కా చేతులు సర్దుకున్నారు.

వచ్చేముందు ఆ అమ్మాయి మా ల్యాప్‌టాప్ ఏమిటని అడిగింది. ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పట్లో కొన్నది అన్నాను. “దాని మీద ఇది తెరుచుకోను కూడా తెరుచుకోదక్కా. గేమ్ కొంటే మంచి కంప్యూటర్ మిషన్ కూడా కొనాలి. తొందరపడొద్దు. అందరికీ నచ్చే గేమ్ కాదిది, నాలుగుసార్లు వచ్చి ఆడి చూడండి” అంది. కొనెయ్యమనకుండా అలా చెప్పడం నాకు నచ్చింది.

బస్టాండు దగ్గర చెరుకురసం తాగుతూ నిలబడ్డాం. మామయ్యగారు సగం గ్లాసు తాగి ఆగారు.

“చివరి నాలుగేళ్ళు నేను బండెక్కలేదమ్మా” అన్నారు.

ఉద్యోగంలో ఉండగానా అండీ అన్నాను.

“కళ్ళ పరీక్షలో తప్పా. డిపోలో టైర్ల గదిలో కూర్చోబెట్టారు. ఎవడు ఏ టైరు తీసుకెళ్ళాడో పుస్తకంలో రాసుకోవటం. రిటైరైన రోజున దండేసి, ముప్పై నాలుగేళ్ళు యాక్సిడెంటు లేకుండా తోలాడని మైకులో చెప్పారు. ముప్పయ్యే. లేచి చెబుదామనుకున్నా, చెప్పలా.”

కళ్ళకు ఆపరేషను అయ్యాక చూపు బాగానే వచ్చిందట. కానీ అప్పటికి ఉద్యోగం అయిపోయింది. ఈ సంగతి అత్తయ్యగారికి తెలుసు. కొడుక్కి కూడా వివరంగా చెప్పలేదు. ఓదార్చే వయసు కాదు నాది, ఓదార్చాల్సినట్టుగా ఆయనా లేరు. అందుకని, ఆ మిట్ట అంత సులువుగా ఎలా ఎక్కించారండీ అని అడిగాను. ఆయన ముఖం విప్పారింది. బరువు బండి ఏటవాలు ఎక్కేటప్పుడు ఏం చెయ్యాలో, ఎందుకు ఆగకూడదో, ఎందుకు తొందరపడకూడదో, పేట బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. బస్సెక్కాక కూడా చెప్పారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెబితే ముందు నమ్మలేదు. నాన్నా, నువ్వా అని రెండుసార్లు అడిగారు. తర్వాత, నచ్చితే కొనేసుకో, దానికింత ఆలోచన ఎందుకు అన్నారు. అది అభిప్రాయం కాదు, చేతులు దులుపుకోవడం అన్నాను. మామయ్యగారు ఈ గేమ్ మొత్తం ఎన్ని గంటలని అడిగారు. ఎనభై దాకా పడుతుందట అన్నాను. ఆయన కాసేపు లెక్కవేసుకుని, హైదరాబాదుకి పది ట్రిప్పులు, పోనూ రానూ అని తేల్చారు. పది ట్రిప్పులంటే పెద్ద విషయం కాదన్నట్టుగా పెరుగు కలుపుకున్నారు.

తర్వాతి బుధవారం మళ్ళీ వెళ్ళాం. పద్ధతి దానంతటదే కుదిరింది. పోరాటం, మాటలు నావి. బండి ఆయనది. గేములో అందరూ ఇంగ్లీషులో మాట్లాడతారు కాబట్టి నేను ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో పుస్తకంలో చదివినట్టు చెప్పాను. ఆయనకు విసుగొచ్చింది. దాంతో శిబిరం అధికారి చేత, “ఏందయ్యా నీ గోల, కాయితాలేయి?” అనిపించాను. ఆయన హాయిగా నవ్వారు. అప్పటినుంచి ఆ గ్రహం మీద అందరూ కృష్ణా జిల్లా తెలుగే మాట్లాడారు. కౌంటరు దగ్గర కూర్చున్న ఆ అమ్మాయి కూడా అప్పుడప్పుడూ కిసుక్కున నవ్వేది.

నాలుగో బుధవారం జరిగిందే అసలు సంగతి. మందుల పెట్టె తీసుకుని ఒక ఆసుపత్రి శిబిరానికి వెళ్తున్నాం. అక్కడి డాక్టరమ్మ అంటే నాకు చాలా ఇష్టం. కథలో అంతవరకూ నాతో మర్యాదగా మాట్లాడింది ఆవిడొక్కతే. దారి మధ్యలో బండి చెడిపోయి ఒక కుటుంబం ఆగి ఉంది. భార్యాభర్తలు, ఒక ముసలావిడ. తెర మీద మూడు జవాబులు వచ్చాయి. ఆగకుండా వెళ్ళిపోవచ్చు, వాళ్ళకు నీళ్ళిచ్చి వెళ్ళొచ్చు, బండిలో ఎక్కించుకుని వాళ్ళ ఊళ్ళో దించొచ్చు. దించాలంటే చుట్టుదారి. నేను మూడూ చదివి వినిపించాను.

“ఎక్కించు. సీట్లున్నాయిగా” అన్నారు మామయ్యగారు.

ఆలస్యమవుతుందేమోనండీ అన్నాను. అయితే డిపో మేనేజరుకి సమాధానం తను చెప్పుకుంటానన్నారు. ఎక్కించాం. వాళ్ళను దించి, శిబిరం చేరేసరికి అంతా కాలిపోయి ఉంది. దోపిడీగాళ్ళు మాకంటే ముందే వచ్చివెళ్ళారు. డాక్టరమ్మ బతకలేదు.

బొమ్మ అని తెలుసు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. గేములో పాత చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టే వీలుంది. దారిలో ఆగకముందు దగ్గరికి వెనక్కి వెళ్దాం, ఈసారి నేరుగా వచ్చేద్దాం అని మీట మీద వేలు పెట్టాను.

“వెనక్కి వెళ్ళొచ్చా?” అని అడిగారు.

వెళ్ళొచ్చండీ అన్నాను.

“మరి వాళ్ళని ఎక్కించుకోవా?”

నా వేలు అక్కడే ఆగిపోయింది. ఆ ముసలావిడ బండి దిగేటప్పుడు నా పాత్ర చేతిలో ఒక ఎండిన పండు పెట్టింది. అది ఇంకా సంచిలో కనిపిస్తోంది. చాలాసేపు ఆలోచించాను. మామయ్యగారు తొందరపెట్టలేదు, ఇదే మంచిదని కూడా అనలేదు. చివరికి ఆ మీట నొక్కకుండానే ముందుకు వెళ్ళాను. డాక్టరమ్మను పూడ్చిపెట్టి, మందుల పెట్టె ఆ కుటుంబం ఉన్న ఊరికే తీసుకెళ్ళాం.

తిరుగు బస్సులో ఇద్దరం దాని గురించే వాదించుకున్నాం. చుట్టుదారి కాకుండా నేరుగా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు వాళ్ళను ఎక్కించుకోవాల్సిందని నేను. ఎడారిలో ముసలామెను కూర్చోబెట్టి వస్తానని చెప్పి వెళ్ళడం ఎక్కడి మాటని ఆయన. పక్కవరస సీటావిడ మా బంధువుల్లో ఎవరికో ఏదో అయిందనుకుని ఇటు తిరిగి జాలిగా చూసింది. ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను. ‘కొనాలి’ గడిలో నా మాటగా మొదటి వాక్యం రాశాను: తప్పు చేశానో లేదో ఇంకా తెలియడం లేదు. కొనాలన్న నిర్ణయం నాకు అక్కడే అయిపోయింది.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు సెంటర్ అమ్మాయి ఫోన్ చేసింది. సెంటర్లో ఒక పాత మిషన్ తీసేసి కొత్తది పెడుతున్నాననీ, పాతది ఇంకో మూడేళ్ళు నిక్షేపంగా పనిచేస్తుందనీ, కావాలంటే మాకే ఇస్తాననీ. ట్యూషన్ డబ్బుకు ఇంకొంత కలిపి మిషనూ గేమూ రెండూ నేనే కొన్నాను. మా ఆయన ఆదివారం నందిగామ వెళ్ళి అట్టపెట్టెను బండికి తాళ్ళతో కట్టుకుని తెచ్చారు. సెంటర్లో ఆడిందంతా దీన్లోకి రాదనీ, మళ్ళీ మొదట్నుంచి ఆడాలనీ తెలిసి నేను నీరసపడ్డాను. మామయ్యగారు, మంచిదేగా, ఇప్పుడు దారి తెలుసు అన్నారు. ముక్కు దగ్గర మాత్రం ఈసారి ఐదు నిమిషాలే ఇచ్చారు.

అత్తయ్యగారు మనవడి ముచ్చట్లతో కోదాడ నుంచి వచ్చారు. వచ్చిన రోజు సాయంత్రం మేమిద్దరం టీవీ ముందు కూర్చుని ఎటు వెళ్ళాలో గట్టిగా వాదించుకుంటుంటే గుమ్మంలోనే నిలబడిపోయారు. “ఈయన ఇన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ చూళ్ళా” అని మా అమ్మాయితో అన్నారు. మా అమ్మాయికి మొదట్లో ఈ గేమ్ బోరు కొట్టింది. మీరిద్దరూ ఆడేదానికంటే మాట్లాడుకునేదే ఎక్కువ అని వెళ్ళిపోయేది.

సాయంత్రం గంట మాత్రమే పెట్టుకున్నాం. దసరా సెలవులకు పూర్తయింది. ఇన్ని చెప్పి నిజం దాచకూడదు. కథ మూడో భాగంలో సాగదీశారు. అక్కడికి వెళ్ళి ఇది తెచ్చిపెట్టు, ఇక్కడికి వెళ్ళి అది ఇచ్చిరా అని పనులు చెప్పి ముగింపును వెనక్కి నెట్టారు. తర్వాత దొరికే కొత్త ఓడలో తోటివాళ్ళు చెప్పిందే మళ్ళీ చెబుతారు. ఖాళీ గ్రహాలని తిట్టినవాడిది కూడా అబద్ధం కాదు. నా చేతివేగం పాతరోజుల్లోలా తిరిగి రాలేదు, సులువు సెట్టింగు మీదే పూర్తిచేశాను. మా బళ్ళో ఒక టీచరు, మొన్న ఎవరో చెబితే విని, కొనొచ్చా అని నన్నడిగింది. నందిగామలో సెంటర్ ఉంది, బుధవారం ఖాళీగా ఉంటుంది, వెళ్ళి చూడు అన్నాను. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కథ అయిపోయినా గ్రహం మూసెయ్యరు. పనేమీ లేకుండా ఊరికే తిరగొచ్చు. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు మామయ్యగారు అరగంట బండి తీస్తారు. అత్తయ్యగారు చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని పక్కన కూర్చుంటారు. ఆవిడకు కథ అక్కర్లేదు. ఉత్తరాన ఉప్పునేల లాంటి తెల్లటి మైదానం ఒకటుంది, అక్కడ గాలి చప్పుడు బాగుంటుందంటారు. నిన్న అక్కడికి వెళ్ళేసరికి రెండు చందమామలూ ఒకేసారి లేస్తున్నాయి.

“కాసేపు ఆపండి” అన్నారు అత్తయ్యగారు.

మామయ్యగారు బండిని ఒక పక్కకు తీసి ఆపారు. ఆవిడ ఈనెలు తీసుకుంటూ చూస్తున్నారు. నేను పొయ్యి మీద పాలు చూడ్డానికి లోపలికి వెళ్ళాను.